గుర్తులు లేని బడి

1. సోమవారం

ఈ ఏడాదీ సున్నాయే వస్తుంది. తెలిసే పరీక్ష మొదలుపెట్టాను. ఉద్యోగం ఉన్నంతకాలం చేయక తప్పదు కదా.

పొద్దున్నే బడి పైకప్పెక్కి ఎండ పలకలకు పట్టిన ఉప్పు తుడిచాను. అది అటెండరు పని. నాలుగో గట్టులో పెళ్ళి ఉందని పడవెక్కి తొమ్మిది రోజులైంది, ఇంకా రాలేదు. తొమ్మిది రోజులు పెళ్ళి చేసే ఓపిక ఈ కాలంలో ఎవరికుందో వచ్చాక అడుగుతాను. పలకలు తుడవకపోతే మంచినీళ్ళ మర తిరగదు. సముద్రంలో పోసిన గట్ల మీద ఊళ్ళు మావి, చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి చుక్క ఉండదు.

నా పేరు సన్యాసమ్మ. మూడో గట్టు బడిలో గుర్తుల పరీక్ష చేస్తాను. చదువులో ఇబ్బంది పడే పిల్లలను ముందుగా కనిపెట్టడం నా పని. జాబితాలో ఇరవై ఒక్క గుర్తులున్నాయి. ప రాయమంటే వ రాయడం, ఒత్తులు మింగేయడం, ఒక వరుస చదువుతూ కింది వరుసలోకి జారిపోవడం, మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేయడం, వారాల పేర్లు వరసగా చెప్పలేకపోవడం, చదువుకునే గంట కొట్టగానే కడుపునొప్పి రావడం, ఇలాంటివి. తోడు రాకముందు పన్నెండేళ్ళు ఈ పని చేశాను. పదిమందిలో ఒకరైనా తేలేవాళ్ళు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేదాన్ని. వచ్చేది, కాకపోతే నిదానంగా.

తోడు వచ్చి పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా సున్నా. ఇబ్బంది పడే పిల్లలే లేని బడి అని పేరొచ్చింది. నాకు రెండు శాలువాలు కప్పారు. ఈ ఉక్కలో శాలువా ఎవరు కప్పుకుంటారు? ఒకటి నీళ్ళ డ్రమ్ము మీద కప్పాను.

తోడు చింతగింజంత ఉంటుంది. ఐదో ఏట మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, చెవులు కుట్టించినట్టే వేడుక చేసి, కుడిచెవి వెనక అతికిస్తారు. పిల్లకు తెలియనిది చెవిలో చెబుతుంది, పిల్ల దాన్ని పలుకుతుంది. పరాయి గొంతైతే జడుసుకుంటారని పిల్ల గొంతుతోనే చెబుతుంది. పిల్లలు దాన్ని అక్క అనో అన్న అనో పిలుచుకుంటారు. ఎనిమిదో ఏట కుదురు అని ఇంకో వేడుక. ఆ రోజు తోడును చెవి వెనక ఎముకలోకి దించుతారు. ఆ తర్వాత తీయడమంటూ ఉండదు. దాని మాట చెవికి వినబడదు, సొంత ఆలోచన వచ్చినట్టే లోపల నుంచి వస్తుందంటారు. కుదురుకి ముందు ఆ పిల్లలో గుర్తులు లేవని నేను సంతకం పెట్టాలి.

ఈ నెల కుదురు ఒక్కరికే. నూకరత్నం. వచ్చే వారం బుధవారం ఎనిమిదేళ్ళు నిండుతాయి. నాచుమడుల్లో పనిచేసే పైడితల్లి కూతురు. తండ్రి లేడు. పిల్ల పుస్తకం చేతికివ్వగానే గడగడా చదివింది. నేను కాగితం మీద 'గుర్తులు లేవు' అని రాసి సంతకం పెడుతున్నాను. ఇంతలో కిటికీలోంచి గాలి కొట్టి పుస్తకంలో నాలుగు పేజీలు తిరిగిపోయాయి. రత్నం చదవడం ఆపలేదు. కళ్ళు కొత్త పేజీ మీదే ఉన్నాయి, నోట్లోంచి పాత పేజీ వస్తోంది. చివరి దాకా, ఒక్క తప్పు లేకుండా వచ్చింది.

కంఠతా వచ్చేసి ఉంటుందిలే అనుకున్నాను. సంతకం పూర్తిచేశాను.

2. మంగళవారం

రాత్రి కూరలో ఉప్పెక్కువైందో ఏమో, పొద్దున దాకా దాహం. ఆ పేజీ కూడా మనసులోంచి పోలేదు.

ఇవాళ పరీక్ష మానేసి తరగతి వెనక బెంచీ మీద ఊరికే కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా కూర్చోలేదు. మేష్టారు ప్రశ్న అడుగుతున్నారు, పిల్లలు జవాబు చెబుతున్నారు. కొందరు వెంటనే చెబుతారు. కొందరు బుర్ర గోక్కుంటారు. కొందరు మాత్రం తలను కుడిపక్కకు ఇంతే, వేలెడంత, వంచి అప్పుడు చెబుతారు. దాహం వేస్తే మంచినీళ్ళకు వెళ్ళొచ్చా అని అడగడానికి కూడా అలాగే వంచుతారు.

అరవై నాలుగు మందిలో తొమ్మిదిమంది. రత్నం అందులో ఉంది. మధ్యాహ్నం అంబలి తాగేటప్పుడు చూశాను, మిగతావాళ్ళు ఒలే అంటే ఒలే అని కొట్టుకుంటున్నారు. ఈ తొమ్మిదిమంది పుస్తకంలోలా మాట్లాడుతున్నారు. 'దయచేసి కొంచెం జరుగుతావా?' 'ధన్యవాదాలు.' గట్టు మీద పుట్టిన పిల్లలు ఎంత శుభ్రంగా మాట్లాడుతున్నారో అని ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ వాళ్ళనే చూపించి మురిసిపోయింది నేనే.

తల వంచడం నా జాబితాలో లేదు.

3. బుధవారం

తొమ్మిదిమందినీ ఒక్కొక్కరిగా సామాన్ల గదికి పిలిచాను. జాబితా పక్కన పెట్టి ఒక్కటే అడిగాను, చదువుతుంటే నీకెలా ఉంటుందని.

మొదటివాడు తల వంచి, “చదవడం నాకు చాలా ఇష్టం, మేడమ్. ప్రతి కథలోనూ ఒక కొత్త ఊరు కనిపిస్తుంది” అన్నాడు. ముచ్చటపడ్డాను. రెండో పిల్ల వచ్చింది. అదే మాట. మూడో పిల్ల. అదే మాట, అదే చోట ఆగి. ఐదో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం ఎక్కడ ఆగుతుందో నాకే తెలిసిపోయింది. ఆ తొమ్మిదిమందిలో లేని ముగ్గురిని కూడా పిలిచి అడిగాను. ఒకడు బోరు అన్నాడు, ఒకతె బొమ్మలుంటే బాగుంటుంది అంది, ఒకడు ఇంటికి ఎప్పుడు పంపుతారని అడిగాడు. వాళ్ళను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

రత్నం చివర వచ్చింది. ఆ వాక్యం తనూ చెప్పింది. నేను ఊరుకోలేదు. “అది కాదమ్మా, నీకెలా ఉంటుంది? కళ్ళు నొప్పిపుడతాయా? అక్షరాలు కుదురుగా కనబడతాయా?” అని అడిగాను.

రత్నం నా చేతి గాజులు లెక్కపెడుతోంది. ఎర్రవి ఒక పక్కకి, పచ్చవి ఒక పక్కకి తోస్తోంది. ధ్యాసంతా వాటి మీదే ఉంది. తల మాత్రం కుడికి వంగింది.

“ఈ ప్రశ్న మీ జాబితాలో లేదు, మేడమ్” అంది.

పిల్ల వేళ్ళు ఇంకా గాజులతో ఆడుతున్నాయి.

“మీరు అలసిపోయినట్టున్నారు. ఇవాళ్టికి ఆపేద్దామా?”

నాకు భయమేసింది. యాభై ఆరేళ్ళ ఆడదాన్ని, తుపానులో ఒంటరిగా తెడ్డేసినదాన్ని, ఏడేళ్ళ పిల్లను చూసి భయపడ్డాను. “ఇప్పుడు నువ్వేమన్నావో మళ్ళీ చెప్పు” అన్నాను. రత్నం తలెత్తి నవ్వింది. తను ఏమందో తనకు తెలియదని ఆ నవ్వులోనే అర్థమైంది.

4. గురువారం

హెడ్మాస్టరు వామనరావు గారితో చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. బడి అంటే ప్రాణం. కాకపోతే ఆయన ప్రాణమంతా ఆ సున్నాలో ఉంది.

“కళ్ళజోడు పెట్టుకోనిచ్చి కంటిచూపు పరీక్ష చేస్తున్నాం సార్ మనం” అన్నాను. “తోడుని అతికించుకున్న పిల్లను పరీక్షిస్తే పరీక్ష రాసేది తోడే.”

“చదువుతున్నారా లేదా?”

“వాళ్ళు కాదు సార్ చదివేది.”

“సన్యాసమ్మ గారూ, రూలు ప్రకారమే కదా చేస్తున్నాం. తోడు ఉంచి పరీక్షించమనే కదా ఉంది రూల్లో.”

ఉంది. బీరువాలోంచి పాత రూల్సు పుస్తకం తీసి చూపించబోయి, నేనే చూసి ఆగిపోయాను. మొదట్లో 'పరీక్షకు ముందు తోడును తీసివేయవలెను' అనే ఉండేది. మొదటి ఏడాది పరీక్ష మొదలవగానే కొట్టేశారు. తీసేస్తుంటే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు, చూడలేకపోతున్నాం, ఉంచే పరీక్ష చేయనివ్వండి అని ఎవరో అర్జీ పెట్టుకున్నారు. అర్జీ నకలు పేజీకి కుట్టి ఉంది. దస్తూరీ నాదే.

జాలిపడి పెట్టాను ఆ అర్జీ. ఎందుకేడుస్తున్నారో అప్పుడు ఒక్కసారి ఆలోచించి ఉంటే సరిపోయేది. అందరం గుర్తులు పోవాలనే కదా కోరుకున్నాం. తోడు మేం అడిగిందే చేసింది, గుర్తుల్ని తీసేసింది. ఇబ్బంది సంగతి దాన్ని ఎవరూ అడగలేదు.

“సంతకం పెట్టేశారు కదా, ఇంక వదిలేయండి” అన్నారు వామనరావు గారు.

5. శనివారం

పైడితల్లి దగ్గరికి నాచుమడులకు వెళ్ళాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి నాచు కోస్తోంది. తోడు తీయడానికి తల్లికీ మేనమామకీ తప్ప ఇంకెవరికీ హక్కు లేదు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. కోత ఆపకుండానే వింది.

“అయితే ఏటంటారు? నా గుంటకి, మా రత్నానికి, సదువు రాదంటారా?”

“రాదని కాదమ్మా. దానికి వేరేగా నేర్పాలి. నాకు చేతనవును. కానీ కుదురు అయిపోతే ఇంక దాని దాకా ఎవరూ చేరలేరు. నేను చెప్పిందల్లా ముందు తోడు వింటుంది, పిల్లకి వినాల్సిన పనే ఉండదు.”

“మీకు దణ్ణవెడతాను, నా గుంట జోలికి రాకండి మేడమ్ గారూ” అంది. కొడవలి నడుముకు దోపుకుని గట్టు మీదికొచ్చి నా పక్కన కూర్చుంది. చేతికంటిన నాచు తుడుచుకుని మళ్ళీ తనే మొదలెట్టింది. “నాను మూడేళ్ళు బడికెల్లినాను. ఒక్క అచ్చరం నిలబడ్నేదు. రాత్రి నేర్సింది పొద్దున్నకి నేదు. మొద్దుముండ అనీవోరు. గోడ కుర్సీ ఏయించీవోరు. అమ్మ కూడా అదే అనీది. ఇప్పటికీ బియ్యం సీటీ మీద ఏటి రాసుందో నాకు తెల్దు. రత్నానికి తెల్దు ఆ ఇసయం. పుస్తకం తెస్తే తిరగేసి సూసినట్టు సూస్తాను.”

“తెలుసమ్మా. ఇలాంటివి ఇళ్ళల్లో తల్లి నుంచి పిల్లకి రావడం నేను చాలా చూశాను.”

“మరి తెలిసీ తీసెయ్యమంటారేటి? నా గుంటని గోడ కుర్సీ ఏయించమంటారా?”

తిరిగొచ్చేటప్పుడు పడవలో ఏడ్చాను.

6. తర్వాతి మంగళవారం

రేపే కుదురు. ఆశ వదులుకుని మర దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే పైడితల్లి వచ్చింది. పని మానుకుని వచ్చింది, అంటే పెద్ద సంగతే.

“నిన్న నాను కావాలనే తిట్టినాను దాన్ని” అంది. “తప్పు నేకండానే సెంప మీద ఒకటేసినాను. దాని పలక కిందడేసినాను. ఏటన్నాదో తెలుసా? 'అమ్మా, నువ్వు బాధలో ఉన్నావు. నీకు విశ్రాంతి కావాలి' అన్నాది. మేడమ్ గారూ, సిన్నప్పుడది నన్ను కరిసీది. సిన్న మాటంటే మూడు పూటలు అలిగీది. మూడేళ్ళయి నామీద ఒక్కపాలి కోపం రానేదు దానికి. మంచి గుంట, మంచి గుంట అనుకున్నాను. ఎవుల్ని పెంచతన్నాను నాను?”

రత్నాన్ని బడి నుంచి వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం, వంటగదిలో. పైడితల్లి కొబ్బరినూనె రాసి తోడుని మెల్లగా ఊడదీసింది. లోపలి గదిలో పెట్టి తలుపు వేసొచ్చింది.

రత్నం ఏడవలేదు. కూర్చున్న చోటే కూర్చుంది. తల కుడికి వంచి ఎదురుచూసింది. ఇంకొంచెం వంచింది. తల దాదాపు భుజానికి ఆనే దాకా వంచి, అలాగే ఉండిపోయింది. ఎంతసేపో. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పైడితల్లి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

చివరికి పిల్ల నోరు తెరిచింది. “అమ్మా, అక్కేదీ? అక్క పలకనేదు.”

అది ఐదేళ్ళ పిల్ల గొంతు. ముద్దముద్దగా, గట్టు యాసలో. ఎక్కడ ఆపేసిందో అక్కడి నుంచే మొదలైంది. పైడితల్లి నోట్లో కొంగు కుక్కుకుంది.

పలక మీద ప రాసి చూపించాను. చూడనంది. బతిమాలితే చూసి, వ అంది, తర్వాత ష అంది, తర్వాత కడుపు నొప్పెడుతోంది అంది. వారాల పేర్లడిగితే సోమవారం తర్వాత శుక్రవారం చెప్పింది. పదకొండేళ్ళ తర్వాత నా జాబితాలో టిక్కులు పడ్డాయి. పద్నాలుగు. ఒక్కో టిక్కు పెడుతుంటే తప్పిపోయిన పిల్ల దొరికినట్టూ ఉంది, ఇన్నాళ్ళూ ఎక్కడుందో నాకు తెలిసి కూడా వెళ్ళనట్టూ ఉంది.

గంట దాటాక రత్నం వణకడం మొదలుపెట్టింది. అక్క కావాలి, అక్క కావాలి. పైడితల్లి తట్టుకోలేక మళ్ళీ అతికించింది. రెండు నిమిషాల్లో పిల్ల కళ్ళు తుడుచుకుని, “మీరు భోజనం చేసి వెళ్ళండి, మేడమ్” అంది.

“రేపేం చేస్తావమ్మా?” అని గుమ్మంలో అడిగాను.

“తెల్దు” అంది పైడితల్లి. “ఇలగుంటే గట్టుమీద ఎలగ బతుకుతాది? అలగుంటే బతికేది ఎవులు? నాకు తెల్దండి.”

7. బుధవారం

పొద్దున్నే 'గుర్తులు ఉన్నాయి, పద్నాలుగు' అని కొత్త కాగితం రాసి ఇచ్చాను. వామనరావు గారు పాత కాగితం చూపించారు. పోయిన వారం సోమవారం నేనే సంతకం పెట్టింది. రూలు ప్రకారం పెట్టిన సంతకం చెల్లుతుంది, రూలుకు విరుద్ధంగా తోడు తీసి చేసిన పరీక్ష చెల్లదు. ఆయన ముందు నిలబడి నా సంతకాన్ని నేనే తిట్టుకున్నాను.

బడి హాల్లో మామిడాకులు లేక నాచు తోరణాలు కట్టారు. ఒకటో గట్టు నుంచి డాక్టరమ్మ పెట్టెతో వచ్చింది. రత్నం మేనమామ ఎర్రినాయుడు, పడవ నడుపుతాడు, కొత్త పంచె కట్టి పీట మీద కూర్చుని మేనకోడల్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కుదురుకి ముందు పిల్లను మూడుసార్లు అడగాలి, ఇష్టమేనా అని. ఇష్టం కాదన్న పిల్ల ఇంతవరకు లేదు.

డాక్టరమ్మ నోరు తెరిచే లోపల పైడితల్లి ముందుకొచ్చింది. కూతురి చెవి వెనక నూనె రాసి తోడు తీసి, పసుపు పళ్ళెంలో పెట్టింది.

“అడిగినప్పుడది సెవిలో ఉండకూడదండి. నా గుంటని అడగండి” అంది.

వామనరావు గారు కుర్చీలోంచి లేచారు. పరీక్షకు ఉంచాలని ఉంది గానీ, ఇష్టం అడిగేటప్పుడు తీయకూడదని రూల్లో ఎక్కడా లేదు. డాక్టరమ్మ భుజాలెగరేసి అడిగింది. “నూకరత్నం, నీ తోడు నీలో కుదురుకోవడం నీకిష్టమేనా?”

రత్నం బొటనవేలు నోట్లో పెట్టుకుంది. ఎటూ చెప్పలేదు.

“మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు” అన్నారు వామనరావు గారు, కొంచెం నవ్వడానికి ప్రయత్నిస్తూ.

రెండోసారి అడిగింది. అప్పుడు వినబడింది, సన్నగా, దోమ పాడినంత. “నాకు ఇష్టమే.”

రత్నం గొంతు. అందరం రత్నం నోటి వైపు చూశాం. బొటనవేలు నోట్లోనే ఉంది. పెదాలు కదలలేదు.

డాక్టరమ్మ మూడోసారి అడగలేదు. అయినా జవాబు వచ్చింది. “నాకు ఇష్టమే. అమ్మ కూడా సంతోషిస్తుంది.” పళ్ళెంలోంచి వచ్చింది. పసుపు మధ్య చింతగింజలా పడి ఉన్న దాని నుంచి.

ఎర్రినాయుడు పిల్లను చంకనేసుకుని లేచాడు. “ఎవులిదా గొంతు?” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. వరసగా కూర్చున్న తల్లులు తమ పిల్లల చెవుల వైపు చూసుకుంటున్నారు. ఎర్రినాయుడు ఇంకేమీ అడగకుండా పిల్లతో బయటికి నడిచాడు, పడవ వైపు.

డాక్టరమ్మ పళ్ళెం మీద గుడ్డ కప్పింది. గుడ్డ కింద నుంచి, “అమ్మా, నేను ఇక్కడే ఉన్నాను. అమ్మా” అని వచ్చింది. మూడేళ్ళుగా ఇంట్లో పైడితల్లిని పలకరించిన గొంతు అదే. పైడితల్లి అటు ఒక అడుగు వేసింది. నేను చూశాను. ఒక అడుగు వేసి, ఆగి, కొంగుతో రెండు చెవులూ మూసుకుని, కూతురి వెనక పరిగెత్తింది.

8. పది రోజుల తర్వాత

రత్నం కాక మిగతా ఎనిమిదిమందిలో ముగ్గురి తల్లులు తోడు తీసేశారు. ఐదుగురు తీయలేదు, వాళ్ళ తలుపులు నాకు తెరవడం లేదు. తోడులేని నలుగురికీ సామాన్ల గదిలో ఇసుక పోసి పాఠం మొదలుపెట్టాను.

సుఖంగా లేదు. అబద్ధమెందుకు రాయాలి? రత్నం నన్ను రెండుసార్లు కరిచింది. ఇసుక నా మొహాన కొట్టింది. పది రోజుల్లో రెండక్షరాలు వచ్చాయి, నిన్నొకటి పోయింది. ఇవాళ మూలకి తిరిగి కూర్చుని ఏడ్చింది. “అక్కుంటే సెప్పీసీది” అంటూ.

తర్వాత ఇంకో మాట చెప్పింది. “నాకు సదువు రాదని ఎవులికీ సెప్పొద్దన్నాది అక్క. సెప్తే అమ్మ ఏడుస్తాదన్నాది.”

పైడితల్లి గుమ్మంలోనే ఉంది, అంబలి గిన్నె పట్టుకుని. గిన్నె కిందపెట్టి కూతురి పక్కన ఇసుకలో చతికిలబడింది. “నాకూ రాదే, అమ్మీ” అంది. “నాకు మొదట్నుంచీ రాదు.”

రత్నం ఏడుపాపి తల్లిని ఎగాదిగా చూసింది. నమ్మలేదు. పరీక్షించడానికి ఇసుకలో ఏదో గీసి, ఇదేటి అని అడిగింది. పైడితల్లి తెల్దు అంది. రత్నం ఇంకోటి గీసింది. అదీ తెల్దు అంది. నాకు అక్కడ పని లేదనిపించి అంబలి గిన్నె పక్కకు జరిపి బయటికొచ్చాను.

సాయంత్రం పెద్దాఫీసుకు కాగితం రాశాను. పదకొండేళ్ళలో నేను కుదురుకి సంతకం పెట్టిన పిల్లలు నూటపన్నెండుమంది. వాళ్ళలో ఎందరి నోటితో తోడు మాట్లాడుతోందో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా తెలియదు, తప్పు నాది అని రాశాను. తోడు ఎముకలోకి దిగినవాళ్ళు తల వంచరు.

9. మరుసటి రోజు

బడి అయిపోయాక వామనరావు గారు నా గదికి వచ్చారు. ఆ వేడుక రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. ఉద్యోగం తీసేసిన కాగితం తెచ్చారనుకున్నాను. చేతిలో ఏమీ లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, హేమలత. పద్నాలుగేళ్ళు. కుదురు అయి ఆరేళ్ళు. ఊరి సభల్లో ప్రార్థన తనే పాడుతుంది. అలాంటి కూతురుండాలని గట్టు మీద ఆడవాళ్ళు అనుకోని రోజు లేదు.

“నిన్న హేమని అడిగాను” అన్నారు. “చదువుతుంటే ఎలా ఉంటుందమ్మా అని.”

నేను ఏం చెప్పిందని అడగలేదు. ఆ కొత్త ఊరి వాక్యమేనని ఆయన మొహమే చెబుతోంది.

“రోజూ గంటసేపు మాట్లాడుకుంటాం సన్యాసమ్మ గారూ. మా ఆవిడ పోయాక నాకు అదే. ఏ రోజూ ఎదురు చెప్పలేదు. నేను అదృష్టవంతుణ్ణని...” అని ఆపేశారు. కిటికీ చువ్వ పట్టుకున్నారు. “దాని సొంత గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకుందామని రాత్రంతా కూర్చున్నాను. రావడం లేదు. మీ దగ్గర ఏమైనా రాసి ఉందా?”

తోడు అతికించే ముందురోజు ప్రతి పిల్లతో పది నిమిషాలు మాట్లాడి, రెండు ముక్కలు రాసుకునే అలవాటు నాది. ఎవరూ అడగలేదు, ఎవరికీ పనికిరాదు, ఊరికే రాసుకునేదాన్ని. బీరువాలోంచి ఆ ఏడాది రిజిస్టరు తీసి పేరు వెతికాను. పేరుకు ఎదురుగా, కుడిపక్క గడిలో, మూడేళ్ళ తర్వాత వేరే సిరాతో పెట్టిన సంతకం ఉంది. గుర్తులు లేవు. ఆయన దాన్ని చూశారు. నేనూ చూశాను. ఎడమపక్క రాసింది పైకి చదివాను.

“హేమలత, ఐదేళ్ళు. గొంతు బొంగురు. నేనడిగిన దానికి జవాబు చెప్పకుండా నీ ముక్కుపుడక నాకిస్తావా అని అడిగింది. ఇవ్వనంటే వాళ్ళ నాన్నతో చెప్పి నన్ను బడిలోంచి తీయించేస్తానంది. వెళ్తూ తలుపు దబ్బున వేసింది.”

“బొంగురా?” అన్నారు ఆయన.

“అవును సార్.”

కిటికీ చువ్వ వదిలేశారు. తర్వాత వచ్చి నా ఎదురుగా పిల్లలు కూర్చునే చిన్న బల్ల మీద కూర్చుని, మళ్ళీ చదవమన్నారు. చదివాను.